కుర్చీ గుంత ఎదురుగా

మా గల్లీలో మూడేళ్లుగా తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌కు మూత వేయడానికి జరిగిన ప్రయత్నాన్ని కాలనీవాసులందరూ కులమతాలకు అతీతంగా, ఒక్క తాటి మీద నిలబడి, పూర్తి శాంతియుతంగా తిప్పికొట్టారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ పోరాటంలో ఎవరికీ గాయాలు కాలేదు. గాయపడినవారు ఇద్దరున్న మాట నిజమే గానీ, వారికీ పోరాటానికీ సంబంధం లేదు. వారు అంతకుముందే గుంతలో పడినవారు.

ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలో, ఫ్యాక్టరీల గోడలు అయిపోయి ఇళ్లు మొదలయ్యే చోట ఉంటుంది మా కాలనీ. నేను కాలనీ అత్యవసర సన్నద్ధత మరియు నిత్యజీవిత భద్రతా కమిటీకి సహాయ కార్యదర్శిని. కార్యదర్శిగారు సెలవులో ఉన్నారు. ఆ ఇద్దరిలో ఆయన ఒకరు.

ఈ విజయం విలువ తెలియాలంటే మా అడ్రసుల సంగతి కొంచెం చెప్పాలి. మా ఇళ్లకు నంబర్లు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి. మా ఇంటి నంబరు 4-9-112/ఏ/3. పక్కిల్లు 6-1-40. ఎదురిల్లు ప్లాట్ నంబర్ 17 సౌత్ పార్ట్. నార్త్ పార్ట్ ఎక్కడుందో ఇంతవరకు చూసినవారు లేరు. కాలనీలో ఆరో నంబర్ గల్లీలు మూడున్నాయి, ఐదో నంబర్ గల్లీ లేదు. ఒకప్పుడు మా గల్లీకి మంచి పేరొకటి పెట్టి బోర్డు పాతుదామని అనుకున్నాం. నాలుగు సమావేశాలు జరిగాయి. నాలుగు పేర్లు ఖాయమయ్యాయి. ఎవరి మనసూ నొప్పించకుండా నాలుగు బోర్డులూ పాతాం. ఆ తర్వాత మా గల్లీలోకి కొత్తవాళ్లు రావడం పూర్తిగా ఆగిపోయింది. దొంగతనాలు కూడా తగ్గాయి కాబట్టి దాన్ని భద్రతా చర్యల కింద రాసుకున్నాం.

అలాంటి రోజుల్లో ఒక నీళ్ల ట్యాంకర్ మా గల్లీకి వచ్చి, మ్యాన్‌హోల్ మూతను ముక్కలు చేసి వెళ్లింది. గుంతకు ఎదురింట్లో ఉండే లక్ష్మీనర్సమ్మ దయగల మనిషి. "ఎవలన్న పడ్తే మనకే పాపం" అని, కాలు విరిగిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, మిగిలిన మూడు కాళ్లూ పైకి ఉండేలా గుంతలో దిగ్గొట్టింది. సంబంధిత శాఖవారు వచ్చి, కుర్చీని చూసి, తాత్కాలిక ఏర్పాటు తృప్తికరంగా ఉందని రాసుకుని వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా ఆ కుర్చీ మా అందరి అడ్రసైంది. గ్యాస్ సిలిండర్ ఎక్కడ దింపాలి? కుర్చీ గుంత దగ్గర. కొరియర్ ఎక్కడికి రావాలి? కుర్చీ గుంత నుంచి మూడో ఇల్లు. పెళ్లి కార్డుల మీద "కుర్చీ గుంత ఎదురుగా" అని బంగారు అక్షరాలతో అచ్చయింది. చర్చివారి గృహ ప్రార్థన కూడిక కుర్చీ గుంత వద్ద, బోనాల ఊరేగింపు మొదలయ్యేదీ కుర్చీ గుంత వద్దే. ఎవరో పుణ్యాత్ములు దాన్ని ఫోన్ మ్యాపులో కూడా పెట్టారు. నాలుగు పాయింట్ ఆరు రేటింగ్ వచ్చింది. "సులభంగా దొరుకుతుంది, కుటుంబంతో వెళ్లవచ్చు" అని ఒకరు రాశారు. ఒక్క స్టార్ ఇచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన బైకు మీద వెళ్తూ, ఫోన్లో గుంత ఎంత దూరముందో చూసుకుంటూ, గుంతలోకి వెళ్లాడు. గాయపడిన ఇద్దరిలో రెండో ఆయన ఆయనే. అయినా దూరం మాత్రం కరెక్టుగానే చూపించిందని ఒప్పుకున్నాడు.

కుర్చీ గుంత మహిమ పూర్తిగా తెలిసింది పౌలుగారికి గుండెనొప్పి వచ్చిన రోజున. పౌలుగారు లేత్ మిషను మీద ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూతురు విక్టోరియా ప్రైవేటు దవాఖానాలో నర్సు. ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసి, ఇంటి నంబరు చెప్పింది, ప్లాటు నంబరు చెప్పింది, నాలుగు బోర్డుల మీది పేర్లూ వరసగా చెప్పింది. అంబులెన్సు హబ్సిగూడ చూసింది, మల్లాపూర్ చూసింది, మూడు ఆరో నంబర్ గల్లీల్లో రెండు చూసింది. నలభై నిమిషాలు గడిచాయి. చివరికి విక్టోరియా ఏడుస్తూ, "అన్నా, గుంతల ఎర్ర కుర్చీ తలకిందులు ఉంటది, గాడికి రాండ్రి" అంది.

"గట్ల జెప్పాలె గద మేడమ్!" అన్నాడు డ్రైవర్. "కుర్చీ గుంత నాకెరికే." ఐదు నిమిషాల్లో వచ్చేశాడు.

అప్పటి నుంచి పౌలుగారు మా కమిటీకి సజీవ సాక్షి. ప్రతి సమావేశంలోనూ లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఈ దినమున నేను సజీవుల లెక్కలో నిలిచియున్నానంటే, మొదటిది దేవుని కృప, రెండవది ఆ గుంత" అని సాక్ష్యం చెబుతారు. చర్చిలో కూడా ఇదే చెప్పారట. పాస్టరుగారు రెండోదాన్ని కొంచెం క్లుప్తం చేయమన్నారట.

కమిటీ అధ్యక్షులు ఉమామహేశ్వర్‌గారు. ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేసి, ఏటా భద్రతా వారోత్సవాలకు బ్యాడ్జీలు పంచిన అనుభవం ఆయనది. కమిటీ ప్రారంభోత్సవం రోజున ఆయన చేసిన ఉపన్యాసం నా దగ్గర రాసి ఉంది. "మిత్రులారా! ప్రపంచంలో ఎన్నో నగరాలకు గోపురాలున్నాయి, టవర్లున్నాయి. అవన్నీ నేల మీదికి లేచినవి. నేల లోపలికి దిగిన గుర్తు మనకొక్కరికే ఉంది. దాన్ని గాలివాన కూల్చలేదు, భూకంపం పడగొట్టలేదు. ముందే పడిపోయి ఉన్నదాన్ని ఎవరు పడగొడతారు?" చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. నేనూ కొట్టాను.

ఆ ఊపులోనే పదకొండు పేజీల అత్యవసర ప్రణాళిక తయారైంది. మంటలు లేస్తే ఏం చేయాలి? కుర్చీ గుంత వద్ద సమావేశం కావాలి. ఫ్యాక్టరీ వైపు నుంచి ఏదైనా గ్యాసు వాసన వస్తే? కుర్చీ గుంత వద్ద, ముక్కు మూసుకుని సమావేశం కావాలి. వరద వస్తే కూడా అక్కడే. వరద నీరు పోయేదీ అందులోకే కాబట్టి వరద కూడా వచ్చి సమావేశమవుతుందని ఎవరో జోక్ వేశారు. అధ్యక్షులవారు నవ్వలేదు, ప్రణాళికలో చేర్చమన్నారు.

మొదటి మాక్ డ్రిల్లు ఆదివారం ఉదయం, ఆరాధన అయిపోయాక, టిఫిన్లకు ముందు జరిగింది. విజిల్ ఊదగానే నూట అరవై మంది ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చి గుంత చుట్టూ నిలబడ్డారు. వెనక వరసకు కనిపించలేదు. వెనక వరస ముందుకు వచ్చింది. ముందు వరసలో ఉన్న కార్యదర్శిగారికి ముందుకు పోవడానికి గుంత తప్ప ఇంకో దారి లేకపోయింది. డ్రిల్లు మొదలైన రెండో నిమిషంలోనే నిజమైన క్షతగాత్రుడు దొరికాడు, అంబులెన్సు కూడా చెప్పిన వెంటనే వచ్చింది. వాస్తవికత చాలా బాగుందని నివేదికలో నేనే రాశాను.

వానాకాలంలో కుర్చీ కాళ్లు మునిగిపోతున్నాయని, వెదురు కర్రకు ఎర్ర జెండా కట్టి కుర్చీ నడుమ నిలబెట్టాం. డిసెంబరులో పౌలుగారు తమ ఇంటి మీది క్రిస్మస్ నక్షత్రాన్ని తెచ్చి కర్ర చివర తగిలించారు. వినాయకచవితి కుర్రవాళ్లు మిగిలిన సీరియల్ లైట్లు చుట్టారు. మతసామరస్యం మీద వ్యాసం రాసే పిల్లలు ఇప్పుడు మా గుంతను ఉదాహరణగా రాస్తున్నారు.

ఇన్ని జరుగుతున్నా ఒక్క మనిషికి మాత్రం తృప్తి లేదు. అది విక్టోరియా. కన్నతండ్రిని కాపాడిన గుంత అని కూడా చూడకుండా, దానికి మూత వేయండని రెండేళ్లపాటు సంబంధిత శాఖకు అర్జీలు పెట్టింది. చదువుకున్న మనిషి కదా అని కమిటీ ఆమెను క్షమించింది.

రెండేళ్లకు శాఖవారి మనసు కరిగింది. కానీ కరగకూడని సమయంలో కరిగింది. ఎందుకంటే అప్పటికి హిమజకు తొమ్మిదో నెల.

హిమజ లక్ష్మీనర్సమ్మ కోడలు. భర్త బాలరాజు పోచారంలో ఐటీ ఆఫీసుకు క్యాబ్ నడుపుతాడు. ఆ పిల్లకు పురుటికి పోవడానికి పుట్టిల్లు లేదు. ఊళ్లో రెండో కాన్పుకు బండి దొరక్క, దారిలోనే తల్లి పోయింది. అప్పుడు హిమజకు నాలుగేళ్లు, తల్లి పక్కనే ఉందట. ఇది రాస్తుంటే నాకు కూడా నవ్వు రావడం లేదు. మా కమిటీకి అప్పుడు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, తీర్మానం వచ్చింది. హిమజ ప్రసవాన్ని కమిటీ అధికారికంగా దత్తత తీసుకుంది. నోటీసు బోర్డు మీద "రాబోయే అత్యవసర పరిస్థితి: శ్రీమతి హిమజ. తేదీ: ఆగస్టు రెండో వారం, వర్షాన్ని బట్టి మారవచ్చు" అని రాశాం.

సరిగ్గా ఆగస్టు మొదటి వారంలో, ఒక పొద్దున, కొత్త మూతను లారీలో వేసుకుని ఇంజనీరు తేజేష్ దిగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, ఇస్త్రీ కూడా నలగలేదు. మూత వేసేందుకు వచ్చానని చెబితే జనం దండ వేస్తారనుకున్నట్టున్నాడు. లక్ష్మీనర్సమ్మ వచ్చి గుంత పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సారూ, మా కోడలు పురుడయ్యేదాంక దీని జోలికి రావొద్దు. గుంత మూస్తే అంబులెన్సోడు యాడికని వస్తడు?"

"అమ్మా, దీంట్ల ఎవరన్న పడి సచ్చిపోతే ఎట్ల?"

"పడ్తే పడ్తరు. పడ్డోణ్ణి తీస్కపోనీకైనా అంబులెన్సు రావాలె గద?"

తేజేష్ నాలుగేళ్ల ఇంజనీరింగులో ఈ ప్రశ్న వచ్చినట్టు లేదు. అప్పుడు విక్టోరియా డ్యూటీకి వెళ్లబోతూ ఆగింది.

"మూత ఎయ్యండి సార్. మూత మీద్నే కుర్చీ పెట్టుండ్రి. అయిపాయె గద?"

గుంపులో ఒకరిద్దరు తలలు కూడా ఊపారు. ఒప్పుకుంటాను, అప్పుడు మా ఉద్యమం నిజంగా ప్రమాదంలో పడింది. ఉమామహేశ్వర్‌గారు గొంతు సవరించుకుని దాన్ని రక్షించారు. "విక్టోరియమ్మా, జర ఆలోచన జెయ్యి. గుంత లేని కుర్చీ ఉత్త కుర్చీ. ఎవడన్న కూసుంటడు, లేకుంటే ఎత్కపోతడు. ఇన్నేండ్ల సంది దాన్ని ఒక్కడు ముట్టిండా? కుర్చీకి గుంతే కాపలా!" జనం ఈలలు వేశారు. భద్రతా రంగంలో ఆయన అనుభవం అలాంటి సమయాల్లోనే తెలుస్తుంది.

"మరి వద్దని రాసియ్యండి" అన్నాడు తేజేష్, గొంతులో కొంచెం ఆశతో.

రాసిచ్చాం. రెండు వందల పద్నాలుగు సంతకాలు. మొదటిది హిమజది. ఆమె పొట్ట మీద కాగితం ఆనించుకుని సంతకం చేసి, కాగితాన్ని విక్టోరియా ముందు పెట్టింది. విక్టోరియా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, నాకు మస్తు బుగులైతుంది" అంది హిమజ. "మా అమ్మ బండి కోసమే సూస్కుంట పోయింది. ఇప్పుడైతే వద్దక్కా. నాకోసం."

విక్టోరియా ఆ పిల్ల ముఖం చూసి రెండో సంతకం చేసింది. మూడోది లక్ష్మీనర్సమ్మ వేలిముద్ర, నాలుగోది పౌలుగారిది. నాది ఏడోదో ఎనిమిదోదో. తేజేష్ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. పని చేయవద్దని జనమే రాసిచ్చిన కాగితం శాఖలో ఎవరి దగ్గరా లేదట. లామినేషన్ చేయిస్తానన్నాడు. తెచ్చిన మూతను వెనక్కి తీసుకెళ్తే లెక్క తేలదని మాకే వదిలేశాడు. ఇటుకల మీద పెట్టి చూస్తే కమిటీ ఆఫీసులో టీపాయ్‌గా చక్కగా కుదిరింది. ఎంత బరువు పెట్టినా కదలదు.

హిమజకు నొప్పులు మంగళవారం మధ్యాహ్నం మొదలయ్యాయి. పొద్దుటి నుంచి వాన. గల్లీలో మోకాలి లోతు నీళ్లు. బాలరాజు క్యాబ్‌తో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇరుక్కుపోయాడు. లక్ష్మీనర్సమ్మ ఫోన్లో "కుర్చీ గుంత" అని రెండే మాటలు అంది. ఆరు నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. ఆరు నిమిషాలు! మల్కాజిగిరిలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లవాళ్లకు కూడా అంత త్వరగా రాదు. ప్రణాళిక ప్రకారం నూట అరవై మందిమి గొడుగులతో గుంత చుట్టూ సమావేశమై ఉన్నాం. హిమజను ఎక్కించారు. ఆ రోజు తనకు డ్యూటీ లేకపోవడంతో విక్టోరియా కూడా ఎక్కింది. అంతా అనుకున్నట్టే జరుగుతోందని నాకు కళ్లు చెమర్చాయి.

అంబులెన్సును సాగనంపే బాధ్యత అధ్యక్షులవారిది. జెండా ఊపాలి. కాలనీ మొత్తానికి ఉన్న జెండా ఒక్కటే కాబట్టి, ఆయన గుంతలోని కర్రను పీకి, జెండాతో నక్షత్రంతో సహా గంభీరంగా ఊపారు. మేమందరం గౌరవంగా పక్కకు జరిగి దారి ఇచ్చాం. నీళ్ల కింద కుర్చీ ఎక్కడుందో చెప్పడానికి అక్కడ ఇక ఏ గుర్తూ లేదు. బండి నాలుగడుగులు కదిలింది. ముందు చక్రం పెద్ద చప్పుడుతో కుర్చీ గుంతలో దిగింది.

ఇంత ఖచ్చితంగా అడ్రసుకు చేరుకున్న అంబులెన్సు చరిత్రలో ఇంకోటి ఉండదు.

బండి ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపలి నుంచి హిమజ అరుపు వినిపించింది. అది నొప్పుల అరుపు కాదు, భయంతో అరిచిన అరుపు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అధ్యక్షులవారు ప్రణాళిక తెరిచి చూశారు. అంబులెన్సే గుంతలో పడితే ఎక్కడ సమావేశం కావాలో పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. అప్పుడు వెనక తలుపు తెరుచుకుని విక్టోరియా తల బయటికి వచ్చింది.

"ఏం సూస్తున్రు? మూత తీస్క రాండ్రి! ముంగట లేపి చక్రం కింద పెట్టుండ్రి! బిడ్డ తల కనవడ్తుంది, జల్ది!"

ఆరుగురం కమిటీ ఆఫీసుకు పరుగెత్తాం. టీ గ్లాసులు కింద పెట్టి మూతను మోసుకొచ్చాం. ముప్ఫై మంది కలిసి బండి ముందు భాగాన్ని ఎత్తారు. నీళ్లలో తడుముకుంటూ మూతను గుంత మీదికి తోశాం. ఒక్కసారి టక్కుమంది. గుంతకు మూత అచ్చంగా సరిపోయింది! అందరం ఆశ్చర్యపోయాం. గుంతకు తగిన కొలతతో మూత చేస్తారని మాలో ఎవరికీ తట్టలేదు.

చక్రం మూత మీద నిలబడి, బండి సాపు అయ్యేసరికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. కొత్త ఏడుపు. లక్ష్మీనర్సమ్మ నీళ్లలోనే కూలబడి చేతులు జోడించింది. పౌలుగారు గొడుగు పారేసి స్తోత్రం చెప్పారు. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు. అంబులెన్సు మూత మీదుగా, ఒక్క కుదుపు కూడా లేకుండా, మెల్లగా వెళ్లిపోయింది. మూడేళ్లలో మొదటిసారి మా గల్లీ రోడ్డు నిజంగా రోడ్డులా ఉంది.

అంబులెన్సు మలుపు తిరగగానే మూతను పైకి తీశాం. శుభ్రంగా కడిగి, ఆఫీసులో ఇటుకల మీద పెట్టి, గ్లాసులు సర్దాం. నుజ్జయిన కుర్చీ స్థానంలో కొత్త ఎర్ర కుర్చీని, ఒక కాలు విరగ్గొట్టి మరీ, ప్రతిష్ఠించాం. ఆ సభలో విక్టోరియాకు శాలువా కప్పారు. "కేవలం ఆరు నిమిషాల్లో అంబులెన్సును రప్పించి ఒక పసిప్రాణాన్ని నిలిపిన మన గుంత!" అని అధ్యక్షులవారు గర్జించారు. విక్టోరియా శాలువాను మడతపెట్టి, కుర్చీ కాళ్ల మీద వేసి, ఇంటికి వెళ్లిపోయింది. శాలువా ఎర్రది కావడంతో కుర్చీ ఇంకా బాగా కనిపిస్తోంది.

ఇదంతా జరిగి పది నెలలైంది. హిమజ తేజేష్ ఆఫీసుకు వెళ్లి మూత వేయమని అడిగింది. ఆయన లామినేషన్ చేయించిన కాగితం చూపించాడు. మొదటి సంతకం ఎవరిదో చూసుకోమన్నాడు. ఆ రెండు వందల పద్నాలుగు మందీ వద్దన్నది మళ్లీ కావాలని రాసిస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అప్పటి నుంచి హిమజ పాపను చంకనేసుకుని, కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇప్పటికి హిమజ సంతకం, విక్టోరియా సంతకం, లక్ష్మీనర్సమ్మ వేలిముద్ర. మిగిలినవారెవరూ కాదనలేదు. కూతురి పెళ్లి కార్డులు అచ్చయ్యాయని ఒకరు, బ్యాంకులో ఇదే అడ్రసు ఇచ్చామని ఒకరు అన్నారు. పౌలుగారు ప్రార్థనలో పెడతామన్నారు.

మొన్న మా ఇంటికీ వచ్చింది. "అన్నా, పిల్ల మొన్నటి సంది గోడ వట్టుకోని నడుస్తుంది. గేటు దాటితే గుంతనే" అంది. ఆ మాట నా గుండెకు తగిలింది. కాగితం ఇచ్చి వెళ్లమన్నాను, తీరిగ్గా చదివి చేస్తానన్నాను. అది మా టీవీ మీద ఉంది. పెన్ను కూడా దాని పక్కనే ఉంది.

చదువుతున్నవారు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి. నవ్వడం అయ్యాక మీ ఇంటికి దారి ఎవరికైనా ఒక్కసారి చెప్పి చూడండి. విరిగిన కల్వర్టు దాటాక, వేలాడే కరెంటు తీగ దగ్గర ఎడమకు తిరిగి, గోడ కూలిన నాలా పక్క నుంచి అని మొదలుపెడతారు, నాకు తెలియదా? మీ టీవీ మీద ఏ కాగితం ఉందో నేను అడగను.

వీలు చూసుకుని మీరు కూడా మా కాలనీకి రండి. నంబర్లు అక్కర్లేదు, బోర్డులు చదవక్కర్లేదు. ఎర్ర కుర్చీ మూడు కాళ్లు పైకెత్తి దూరం నుంచే కనిపిస్తుంది. ఏడాది నిండని పాప ఒకతె దాని కాలు పట్టుకుని నిలబడి ఆడుకుంటుంటే, బండి అక్కడ ఆపండి. అదే అడ్రసు.